‘డివాయిడ్’ దగ్గర తడబడిన జేబు నిఘంటువు

పదో తరగతి పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాను కనుక, ఒంగోలులో పుస్తకాల దుకాణానికి వెళ్ళినప్పుడల్లా కొత్త ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు కనబడితే తిరగేయకుండా బయటికి రాలేను. కిందటి వేసవిలో అలా కొన్న ఈ జేబు నిఘంటువు (ప్రచురణకర్తల పేరు ఇక్కడ అనవసరం) 150 రూపాయలకు చవకే. అక్షరం కళ్ళకు ఇంపుగా ఉంది, కుట్టు గట్టిగా ఉంది, ఉచ్చారణ తెలుగు లిపిలో ఇచ్చారు. కాగితం మాత్రం బాగా పలచన.

అయితే నిఘంటువు పస తెలియాలంటే తేలికగా కనిపించే మాటలను ఎలా వివరించిందో చూడాలి. ‘డివాయిడ్’ అన్న విశేషణానికి ఇందులో ఉన్నది ఒకే ఒక పంక్తి: ‘లేని, శూన్యమైన, రహితమైన, ఖాళీ’. ఉదాహరణ లేదు. ఆ చివరి అర్థాన్ని పట్టుకొని మా విద్యార్థి ఒకడు ‘ఖాళీ బస్సు’ను ‘ఎ డివాయిడ్ బస్’ అని రాశాడు. ఎర్ర సిరాతో కొట్టేస్తే, మర్నాడు ఈ పుస్తకమే తెచ్చి, ‘ఇందులో ఖాళీ అనే ఉంది గదా సార్’ అని వేలు పెట్టి చూపించాడు. వాడిని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు.

ఈ మాట నామవాచకానికి ముందు నిలబడదని, దీని వెంట ‘ఆఫ్’, ఆ తరువాత లేని వస్తువు పేరు తప్పక రావాలని నిఘంటువు చెప్పి ఉండవలసింది. ‘ద రూమ్ ఈజ్ డివాయిడ్ ఆఫ్ ఫర్నిచర్’ అనాలి; ‘డివాయిడ్’ దగ్గరే ఆపితే ఏమి లేదో తెలియక వాక్యం సగంలో తెగిపోతుంది. ‘ఖాళీ చేయు’ అనే అర్థమున్న పాత ఫ్రెంచి క్రియ నుండి వచ్చిన మాట కాబట్టి, దేనిని ఖాళీ చేశారో చెప్పనిదే దానికి నిండుదనం రాదని నేను పిల్లలకు చెబుతుంటాను. మనకు ‘నీళ్ళు లేని చెరువు’లో లేని వస్తువే ముందు వస్తుంది, అర్థరహితం, జనశూన్యం వంటి సమాసాలలోనూ అదే వరస. ఇంగ్లీషులో ముందు చెరువు, తరువాత లేమి, చివరకు నీళ్ళు. ‘లేని’ అని మాత్రం రాసి ఊరుకుంటే, తెలుగు పిల్లవాడు ఆ మాటను తీసుకెళ్ళి తిన్నగా చెరువు ముందే పెడతాడు.

‘రహితమైన’ అన్నదానితో ఇంకొక చిక్కు ఉంది. కనిగిరి ప్రాంతంలో ఫ్లోరైడ్ బాధ తెలిసిన పిల్లలు వ్యాసంలో ‘ఫ్లోరైడ్ రహిత నీరు’ అని చెప్పబోయి ‘వాటర్ డివాయిడ్ ఆఫ్ ఫ్లోరైడ్’ అని రాస్తారు. వ్యాకరణం ప్రకారం అది తప్పు కాకపోయినా, ఫ్లోరైడ్ ఉండవలసినదే, పాపం లేకుండా పోయిందన్నట్లు వినిపిస్తుంది. అక్కరలేనిది లేకపోతే ‘ఫ్లోరైడ్ ఫ్రీ’ అనడం వాడుక. ‘డివాయిడ్’ ఎక్కువగా ఉండవలసిన మంచి గుణం లేనప్పుడు వస్తుంది. నెయ్యి వాసనే తగలని మైసూర్‌పాకును గురించి చెప్పడానికి అది సరిగ్గా సరిపోతుంది. మన ‘రహితం’ రెండు చోట్లా ఒదుగుతుంది గనుకనే ఈ తేడాను విడమరచి చెప్పాలి.

పైగా ఇది కొరతను చెప్పే మాట కాదు, పూర్తిగా లేకపోవడాన్ని చెప్పే మాట. కొంచెం తక్కువైతే ‘ల్యాకింగ్’ చాలు. దయ మచ్చుకైనా లేని మనిషి అంటామే, ఆ ‘మచ్చుకైనా లేని’ని అర్థంగా ఇచ్చి ఉంటే సగం పని తీరేది. ఇంత చక్కని తెలుగు చేతిలో ఉండగా ‘శూన్యమైన’ దగ్గరకు ఎందుకు పరుగెత్తారో నాకు అంతుపట్టలేదు.

చదువుతూ మధ్యలో ఒక మాటకు అర్థం చూసుకోవాలనుకునేవారు ఈ పుస్తకం కొనవచ్చు. సొంతంగా వాక్యం రాయవలసిన విద్యార్థికి నేను ఇవ్వను. నా ప్రతిలో ఆ పంక్తి చివర ‘ఖాళీ’ని కొట్టేసి ‘ఆఫ్’ అని రాసుకున్నాను, అదీ పెన్సిలుతోనే. పెన్నుతో రాస్తే సిరా వెనక పేజీలోకి దిగుతోంది.