ముసలి గుర్రానికి చివరి వైద్యం: విజయవాడలో ఒక ఇంటి సేవపై సమీక్ష

విజయవాడ చుట్టుపక్కల పెళ్లి ఊరేగింపుల కోసం గుర్రాలను పోషించే కుటుంబాలు ఇంకా ఉన్నాయి గానీ, పిలిస్తే లాయానికి వచ్చి గుర్రాన్ని చూసే వైద్యులు తక్కువ. గొల్లపూడిలో మా 26 ఏళ్ల ఆడగుర్రం ముత్యానికి చివరి వైద్యం చేసి, చివరకు సూదితో బాధ లేని మరణం ఇచ్చిన ఒక ప్రైవేటు పశువైద్యుడి సేవ గురించి రాస్తున్నాను. మెప్పుతో పాటు ఒక ఫిర్యాదు కూడా ఉన్నందున ఆయన పేరు చెప్పడం లేదు.

ఆయన వచ్చీ రాగానే సూది తీయలేదు. ముందు ముత్యాన్ని నడిపించి చూశారు, తర్వాత నోరు తెరిపించి చూశారు. దవడ పళ్లు అరిగిపోయి గడ్డిని సగం నమిలి ఉండలుగా జారవిడుస్తోందని మాకు తెలుసు, అందుకే ఉలవలు నానబెట్టి, తవుడు జావలా కలిపి పెడుతున్నాం. మాకు అర్థం కానివి ముందుకాళ్ల డెక్కల పై కీళ్ల మీద మానకుండా ఉన్న పుండ్లు. తాడు రాపిడి అనుకుని, గుర్రాలను చూసుకునే మా సాయీసు వాటికి పసుపు రాస్తున్నాడు. గుర్రం కీళ్లు బిగించి నిలబడే కునుకు తీయగలదు గానీ గాఢనిద్ర పట్టాలంటే పడుకోవాల్సిందేనని, పడుకుంటే మళ్లీ లేవలేనన్న భయంతో కీళ్లనొప్పుల గుర్రం పడుకోవడమే మానేస్తుందని, చివరకు నిలబడి ఉండగానే నిద్ర ముంచుకొచ్చి ముందుకాళ్లు మడతపడి కూలుతుందని, ఆ పుండ్లు అలా అయినవేనని ఆయన వివరించారు. ఇన్నాళ్లుగా పగలు మాత్రమే చూసిన మాకు దాని రాత్రులు ఎలా గడుస్తున్నాయో అప్పుడు తెలిసింది.

తొందరపెట్టకపోవడం ఈ సేవలో నాకు బాగా నచ్చింది. కడుపులో పుండ్లు, మూత్రపిండాల ఇబ్బంది రావచ్చని ముందే హెచ్చరించి ఫినైల్‌బ్యూటజోన్ అనే నొప్పి మందు ఇచ్చి చూశారు. కావాలంటే గన్నవరం పశువైద్య కళాశాలలో రెండో అభిప్రాయం తీసుకోమన్నారు. రాత్రి పడుకుందా, దాణా తిన్నదా, పిలిస్తే గడప దాకా వచ్చిందా అన్నది రోజూ రాసిపెట్టమని మా అమ్మకు అప్పగించారు. చేతులతో పెంచినదాన్ని చంపించడం పాపమని అమ్మ అంటే ఆయన వాదించలేదు. "అమ్మా, లేవలేక పడిపోయిన రాత్రి మీరు ఫోన్ చేస్తే నేను వచ్చేసరికి గంటలు పడుతుంది. ఆ గంటలు దానికి వద్దు" అని మాత్రం అన్నారు. అంత బరువైన జంతువు ఎక్కువసేపు ఒకే పక్కన పడి ఉంటే దాని బరువే కండరాలనూ ఊపిరితిత్తులనూ నలిపేస్తుంది. పుస్తకంలో చెడ్డ రోజులు వరుసగా పెరిగాక, ముత్యం తన కాళ్ల మీద తాను నిలబడగలుగుతున్నప్పుడే, అమ్మే రోజు చెప్పింది.

ఆ ఉదయం పని పద్ధతిగా జరిగింది. మెత్తటి నేల ఎంచుకున్నారు. ఎటు ఒరుగుతుందో చెప్పలేమని తాడు సాయీసుకు మాత్రమే ఇచ్చి మిగతావారిని దూరంగా నిలబెట్టారు. మెడ సిరలోకి గొట్టం అమర్చి, ముందు జైలజీన్‌తో మగతలోకి దింపి, తర్వాతే ప్రాణం తీసే అధిక మోతాదులో పెంటోబార్బిటాల్ అనే మత్తుమందు ఎక్కించారు. కళ్లు తెరిచే ఉంటాయని, కండరాలు అదరవచ్చని, గుండె ఆగాక కూడా ఒక పెద్ద శ్వాస రావచ్చని ముందే చెప్పడంతో ఎవరూ కంగారుపడలేదు. గుండె చప్పుడు చాలాసేపు విని, కంటిపాపను తాకి చూశాకే లేచారు. పక్క లాయంలోని కుర్ర గుర్రాన్ని తెచ్చి వాసన చూడనివ్వమన్నది కూడా ఆయనే. అది కాసేపు నిలబడి, తనంతట తానే గడ్డి వైపు తిరిగింది.

ఇక ఫిర్యాదు. పెంటోబార్బిటాల్ కళేబరంలో ఉండిపోతుంది గనుక దాన్ని తిన్న కుక్కలు, రాబందులు చనిపోతాయని, అందువల్ల బయట పడేయకుండా లోతుగా పూడ్చాలని ఆయన ముందురోజు సాయంత్రం దాకా చెప్పలేదు. మా లాయం దగ్గర నాలుగు అడుగులు తవ్వితే ఊట వస్తుంది. బంధువుల మెట్టపొలం అడిగి, రాత్రికి రాత్రి జేసీబీ మాట్లాడుకోవలసి వచ్చింది. ముత్యాన్ని నడిపించి అక్కడే పని కానిచ్చే వ్యవధి లేక ట్రాక్టరులో తరలించాం. అమ్మ అది చూడలేక లోపలికి వెళ్లిపోయింది. వైద్యంలో అంత ముందుచూపు ఉన్న మనిషి మొదటి రోజే చెప్పవలసిన మాట ఇది.

ఫీజు, మందుల ఖర్చు ముందే చెప్పారు, ప్రయాణ ఖర్చు మాత్రం చివర్లో కలిపారు. ఆయన్ని పిలిచేవారు తేదీ ఖాయం చేసుకునే ముందే గొయ్యి ఎక్కడ, ఎంత లోతు, జేసీబీ వెళ్లే దారి ఉందా అన్నవి అడిగి తేల్చుకోవాలి. అడిగితే ఓపికగానే చెబుతారు.