ముందే రాసుకున్న బంధమా, ఆటలో పుట్టే బంధమా?

టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటల్లో (బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర తీసుకుని కలిసి కథ నడిపే ఆటల్లో) పాత్రల మధ్య బంధాలను ముందే రాసుకోవచ్చు, లేదా ఆట సాగేకొద్దీ ఏర్పడనివ్వవచ్చు. 2012లో వెలువడిన డంజన్ వరల్డ్ అనే ఆటది మొదటి మార్గం: ఆటగాళ్లు ఖాళీలున్న వాక్యాల్లో తోటి పాత్రల పేర్లు నింపుతారు, ఒక బంధం కొలిక్కి వచ్చిందని ఆ ఇద్దరు ఆటగాళ్లూ అంగీకరిస్తే, సెషన్ (ఒక విడత ఆట) చివర అనుభవ పాయింటు (పాత్ర ఎదుగుదలకు లెక్కించేది) పొంది, దాని స్థానంలో కొత్తది రాసుకుంటారు. ఇందువల్ల మొదటి సన్నివేశం నుంచే పాత్రలకు ఒకరితో ఒకరికి పని ఉంటుంది. అయితే ‘మేము బాల్యమిత్రులం’ అన్న వాక్యం ఏ నిర్ణయాన్నీ మార్చకపోతే అది కాగితానికే పరిమితమవుతుంది. తీరని అప్పో, అనుమానమో, నెరవేర్చని మాటో ఉన్నప్పుడే బంధం కథను కదిలిస్తుంది. రెండో మార్గంలో, ఒక పాత్ర మరొకరి కోసం నిజంగా ఏదైనా వదులుకున్నప్పుడు పుట్టే ఆత్మీయతకు సాటి లేదు, కానీ అందుకు సుదీర్ఘమైన ఆట కావాలి. కొద్ది సెషన్ల కథకు నేను మొదటిదాన్నే ఎంచుకుంటాను. దీర్ఘకాలపు ఆటలో ఒక్కొక్కరికి ముందే రాసుకున్న, ఇంకా కొలిక్కి రాని బంధం ఒక్కటి చాలు.