ఆరనిది హాస్టల్‌కి పనికిరాదు: నాలుగేళ్ల బాత్రూమ్ సామాను మీద నా మాట

హాస్టల్‌లో చేరేముందు నేను బాత్రూమ్ సామాను కొన్న తీరు ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. చూడటానికి ఏది ముచ్చటగా ఉంటే అది తీసుకున్నాను. అవి నీళ్లలో తడిశాక ఎలా ఆరుతాయన్న ఆలోచనే రాలేదు. నాలుగేళ్లలో పారేసినవన్నీ ఒకే తప్పు వల్ల పాడయ్యాయి: వాటిలో తడి నిలిచేది. ఇంట్లో అయితే సామాను బాత్రూమ్‌లోనే ఉండిపోతుంది. హాస్టల్‌లో బాత్రూమ్ అందరిదీ కాబట్టి తడిదంతా మోసుకుని గదికి తెచ్చుకోవాలి, మళ్లీ తీసుకెళ్లేలోపు అది ఆరాలి.

మొదటిది ప్లాస్టిక్ బుట్ట. పిడి ఉన్నది, గట్టిది, అరలు కూడా చేసినది. అడుగున చిల్లులు ఉన్నాయి కానీ చిల్లుల చుట్టూ అంచు కాస్త ఎత్తుగా ఉండటంతో ఎప్పుడూ ఒక పొర నీళ్లు మిగిలేవి. రెండో నెలకి అడుగంతా జిగట. బ్రష్‌తో రుద్దితే పోయేది, పది రోజుల్లో మళ్లీ వచ్చేది. ఒకరోజు వరండా మధ్యలో పిడి ఒకవైపు ఊడి, షాంపూ ఒక దిక్కు, సబ్బు ఒక దిక్కు దొర్లుకుంటూ పోయాయి. ఆ సబ్బు వెనక పరిగెత్తింది నేనే.

తరవాత కొన్నది వల సంచి. పాలిస్టర్ జాలీతో కుట్టినది, మధ్యలో పెద్ద అర, చుట్టూ ఎనిమిది జేబులు, అడుగు కూడా జాలీయే. మూడున్నరేళ్లుగా ఇదే వాడుతున్నాను. నీళ్లు ఎక్కడా నిలవవు, ఖాళీ చేసి బట్టలతో పాటు ఉతికేయవచ్చు, సెలవులకి ఇంటికెళ్లేటప్పుడు మడిచి పెట్టెలో ఒక మూల దూర్చేయవచ్చు. లోపాలూ ఉన్నాయి. పొడుగు సీసా పక్కకి వాలిపోతుంది. రేజర్ మూత లేకుండా పెడితే జాలీ చీరుతుంది. రెండో ఏడు పిడి దగ్గర కుట్లు ఊడితే నేనే దారంతో రెండు వరసలు కుట్టాను, అప్పటినుంచి చెక్కుచెదరలేదు. ఇంకొకటి, తెచ్చి తగిలించాక పది నిమిషాల పాటు చుక్కలు కారుతూనే ఉంటుంది. ఈ సంగతి నాకు రూమ్‌మేట్ నోట్సు తడిశాక తెలిసింది. అప్పటినుంచి కిటికీ ఊచకి తగిలిస్తున్నాను.

సబ్బు గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. మూత ఉన్న సబ్బు డబ్బా అంత చెడ్డ వస్తువు ఇంకోటి లేదు. తడి సబ్బుని లోపల పెట్టి మూత వేస్తే తెల్లారేసరికి కింది సగం ముద్దయిపోతుంది. అడుగున గాడులున్న డబ్బాకి మారాను, కాస్త మెరుగు. చివరికి కుదిరిన పద్ధతి చిన్న నూలు వల సంచిలో సబ్బు వేసి తగిలించడం. నురగ బాగా వస్తుంది, అరిగిన ముక్కలు కూడా వృథా కావు. కొత్త సబ్బుని కత్తితో సగానికి కోసి ఒక ముక్కే వాడతాను, మిగతా సగం గదిలో పొడిగా ఉంటుంది. బాడీ వాష్ వాడేవాళ్లకి ఒక మాట: పంపు సీసా వద్దు, సంచిలో ఒత్తుకుని తనంతట తానే కారుతుంది. తిప్పి తెరిచే మూత మేలు. పెద్ద సీసా గదిలో పెట్టుకుని, 100 మి.లీ. చిన్న సీసాలోకి ఒంపుకుని తీసుకెళ్తే చెయ్యి బరువూ తగ్గుతుంది, ఎక్కడైనా మరిచిపోయినా పెద్ద నష్టం ఉండదు.

టవల్ విషయంలో నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. మందపాటి మెత్తటి టవల్ హాస్టల్‌కి దండగ. మబ్బు పట్టిన రోజుల్లో ఆరదు, రెండో రోజుకి ముక్కిన వాసన కొడుతుంది. మైక్రోఫైబర్ టవల్ (సన్నటి సింథటిక్ పోగులది) త్వరగా ఆరుతుంది, నిజమే, కానీ ఒంటికి పట్టుకున్నట్టు ఉంటుంది, చెమట వాసన కూడా నూలు కంటే ఎక్కువ పట్టి ఉంచుతుంది. నేను ఇప్పుడు వాడేది పలచటి నూలు టవళ్లు రెండు, రంగులు వేరు వేరు. మూడు నాలుగుసార్లు వాడాక ఉతుకుతాను. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ మాత్రం వేయను, అది వేస్తే టవల్ నీళ్లు పీల్చుకోవడం తగ్గుతుంది.

చెప్పులు తప్పనిసరి, అందులో వాదన లేదు. అందరూ తిరిగే తడి నేలమీద ఫంగస్ ఉంటుంది, వేళ్ల సందుల్లో దురద మొదలైతే వదిలించుకోవడం కష్టం. మొదట నేను కొన్నవి స్పాంజ్‌లా నీళ్లు పీల్చేవి, పొద్దున వేసుకున్నవి రాత్రికి కూడా చెమ్మగానే ఉండేవి. ఇప్పుడు అడుగున చిల్లులున్న రబ్బరువి. అడుగున గాడులు అరిగి నున్నగా అయితే జారతాయి, అప్పుడు మార్చేయాలి. చెప్పులు ఉన్నా సరే, స్నానం అయ్యాక వేళ్ల సందులు తుడుచుకోకపోతే సగం పని వదిలేసినట్టే.

టూత్‌బ్రష్‌కి తొడిగే ప్లాస్టిక్ టోపీ కూడా సబ్బు డబ్బాకి చుట్టమే. తడి బ్రష్‌ని మూసి ఉంచకుండా, నిలబెట్టి గాలికి ఆరనివ్వాలి. నేను దాన్ని గదిలో గ్లాసులో పెడతాను, బాత్రూమ్‌కి చేత్తో పట్టుకెళ్తాను. మూడు నాలుగు నెలలకోసారి మార్చడం దంతవైద్యులు చెప్పే లెక్కే, పోచలు విచ్చుకుంటే ఇంకా ముందే.

గోడకి నొక్కి అంటించే రబ్బరు కప్పు (సక్షన్) కొక్కేల గురించి ఒక్క ముక్క: నున్నటి టైలు మీద కొన్నాళ్లు నిలుస్తాయి, పెయింటు గోడ మీద అసలు నిలవవు. తలుపు మీద తగిలించే కొక్కెం కొనాలంటే ముందు తలుపు మందం కొలుచుకోండి. నాది తగిలించాక తలుపు మూసుకోలేదు. ఎస్ ఆకారపు స్టీలు కొక్కేలు రెండు ఉంటే చాలు, ఎక్కడ కడ్డీ ఉంటే అక్కడ పని జరుగుతుంది.

ఎవరూ చెప్పనిది పొడి బట్టల సంచి. బాత్రూమ్ లోపల కొక్కెం ఒక్కటే ఉండి, దానికి టవల్ తగిలిస్తే మార్చుకునే బట్టలు ఎక్కడ పెడతారు? నీళ్లు చొరని జిప్పు సంచి ఒకటి తీసుకోండి. శానిటరీ ప్యాడ్లు, దూది పుల్లలు, నెయిల్ కట్టర్ లాంటివి కూడా వల సంచిలో కాక ఇందులోనే ఉండాలి. గది తాళంచెవి మణికట్టుకి స్ప్రింగు తాడుతో కట్టుకోండి. తలంతా షాంపూ నురగతో తాళం పడిన గది ముందు నిలబడి, రూమ్‌మేట్ క్లాసు అయిపోయేదాకా ఎదురుచూసిన మనిషిగా చెబుతున్నాను.

రేజర్ ఎంత స్నేహితులైనా ఇచ్చిపుచ్చుకోవద్దు, రక్తంతో అంటుకునే హెపటైటిస్ బి, సి లాంటివి ఆ దారిన రావచ్చు. సీసాల మీద పేరు రాయడానికి మార్కర్ కంటే గోళ్లరంగు ఎక్కువ రోజులు ఉంటుంది.

లైటు ఉన్న అద్దం, స్నానం తరవాత తొడుక్కునే పొడుగు గౌను, కాళ్లు తుడుచుకునే మెత్తటి పట్టా ఇవన్నీ మొదటి ఏడు తెచ్చుకున్నాను. మూడూ మొదటి సెలవులకే ఇంటికి వెళ్లిపోయాయి. ప్లాస్టిక్ బుట్ట మాత్రం ఇంకా నా మంచం కిందే ఉంది. పిడి తీసేశాను, ఉతకాల్సిన సాక్సులు వేస్తున్నాను.