ప్రకాశం బజార్ పక్కన డబుల్ బెడ్‌రూం ఫ్లాట్: గల్లీకి ఫుల్ మార్కులు, బిల్డింగ్‌కి పాస్ మార్కులు

నల్లగొండల ఫ్లాట్ కొనొచ్చా, ఎట్లుంది అని చుట్టాలు, ఆఫీసోళ్లు అందరూ అడుగుతున్రు, ఒక్కొక్కరికి ఫోన్‌ల చెప్పే ఓపిక లేదు అందుకే రాస్తున్న. మాది ప్రకాశం బజార్‌కి దగ్గర్ల గల్లీ. స్టిల్ట్ (కింద పిల్లర్ల మీద పార్కింగ్ జాగ) మీద నాలుగు ఫ్లోర్లు, ఫ్లోర్‌కి రెండు చొప్పున మొత్తం 8 ఫ్లాట్లు. మాది మూడో ఫ్లోర్, ఈస్ట్ ఫేసింగ్. బిల్డర్ పేరు అడగకున్రి, ఊరు చిన్నది, పొద్దున లేస్తే మొఖాలు చూసుకోవాలె. 5కి మూడున్నర ఇస్త, అందుల రెండున్నర గల్లీకే, బిల్డింగ్‌కి ఒకటే.

సైజు పేపర్ మీద 950 ఎస్‌ఎఫ్‌టీ. టేపు పట్టి లోపలి జాగ కొలిస్తే 690 దగ్గర ఆగింది. మిగిలిందంతా మెట్లు, లిఫ్టు, కారిడార్ల మన వాటా అట. ఎక్కడైనా ఇదే తీరు, కానీ పైసలు మాత్రం 950కే కడతం కదా, అందుకే ఏ ఫ్లాట్ చూసినా కార్పెట్ ఏరియా (ఇంటి లోపల వాడుకునే జాగ) ఎంత అని అడిగి దానికి రేటు లెక్కేసుకోండ్రి, అప్పుడు చీప్ అనుకున్నది చీప్ ఉండదు. హాల్ ఫర్వాలేదు. కిచెన్‌ల నేను, అత్తమ్మ ఒకేసారి నిలబడితే ఒకరు వెనక్కి జరిగితేనే ఇంకొకరు తిరుగుతరు, ఫ్రిజ్ హాల్‌లకు వచ్చింది. బెడ్‌రూంల మంచం, బీరువా రెండూ పెడితే బీరువా తలుపు మంచానికి తగిలి సగమే తెరుచుకుంటది, పట్టుచీరలు తీయాలంటే చెయ్యి పక్కకు పెట్టి గుంజుడే.

ఇగ గల్లీ ముచ్చట. ఇదివరకు ఊరి బయట కిరాయికి ఉన్నప్పుడు కొత్తిమీర కట్ట కావాలన్నా మా ఆయన బండి తీయాల్సిందే, అత్తమ్మకు పొద్దంతా టీవీ తప్ప ఇంకోటి లేకుండె. ఇప్పుడు ఆమెనే సంచి పట్టుకొని పోతది, మోకాళ్ల నొప్పులు అంటనే పోతది, టమాటల కాడ బేరమాడి, బట్టల షాపుల తెలిసినామెతోని ముచ్చట పెట్టి, వచ్చేటప్పుడు పక్కింటి పిల్లలకు మిర్చి బజ్జీలు కూడా కట్టించుకొస్తది. కిరాణం, మెడికల్ షాప్, టైలర్, మిక్సీ రిపేర్, పిండి గిర్ని అన్నీ చెప్పులేసుకొని పోయే దూరమే. క్లాక్ టవర్ కూడా నడకనే. ధర్నానో, ర్యాలీనో ఉన్న రోజు ఆటోలు మల్లిస్తరు, ఆ రోజు మాత్రం ఎటు పోయినా తిప్పలే. సాయంత్రం డాబా ఎక్కితే ఒక దిక్కు లతీఫ్ సాబ్ గుట్ట, ఇంకో దిక్కు కాపురాల గుట్ట కనబడుతయ్, అది బ్రోచర్‌ల రాయలేదు కానీ నాకైతే దానికే అర మార్కు ఎక్కువ.

సప్పుడు సంగతి మాత్రం దాచిపెట్టను. పగలు ఎట్లనో గడుస్తది, రాత్రి దుకాణాలు మూసినంక హోల్‌సేల్ షాపుల కాడ లారీ దించుడు మొదలైతది, బస్తా కింద పడ్డప్పుడల్లా రోడ్డు దిక్కు బెడ్‌రూం కిటికీ గలగల అంటది. వినాయక చవితి దినాలు, పెండ్లి బరాత్‌లు వేరే చెప్పాల్నా. మేం పిల్లలకు వెనక రూం ఇచ్చి ముందు రూంల మేం పడుకుంటున్నం, అలవాటైపోయింది. ఈ ఏరియాల ఏ ఫ్లాట్ చూసినా పగలొకసారి, రాత్రి పదకొండు దాటినంక ఒకసారి చూడండ్రి. బ్రోకర్ పొద్దున పదింటికే ఎందుకు రమ్మంటడో అప్పుడు అర్థమైతది.

నీళ్లు. నల్లగొండ అంటేనే ఫ్లోరైడ్ గుర్తొస్తది ఎవరికైనా, పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నీరీ (కేంద్ర ప్రభుత్వ పర్యావరణ పరిశోధన సంస్థ) వాళ్లు పెట్టిన పేరే నల్లగొండ టెక్నిక్. టౌన్‌ల ఇప్పుడు తాగేదానికి కృష్ణా నీళ్లు నల్లాల వస్తయ్ కాబట్టి ఆ భయం తగ్గింది. కానీ అపార్ట్‌మెంట్‌ల నల్లా నీళ్లు సంపులకు ఒక పైప్, బోర్ నీళ్లు ఇంకో పైప్ వేరువేరుగ ఉన్నయా లేదా అన్నదే అసలు కథ. మా బిల్డర్ రెండూ ఒకటే సంపుల కలిపిండు. కిచెన్ ట్యాప్ మూతికి తెల్లగ గట్టి పొర పట్టినంక డౌట్ వచ్చి అడిగితే "కలిస్తే ఏమైతది మేడం, మరగబెట్టుకొని తాగండి" అన్నడు. మరగబెడితే ఫ్లోరైడ్ పోదయ్యా, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కగైతది! చివరికి 8 ఇండ్లోళ్లం పైసలు వేసుకొని నల్లా నీళ్లకు వేరే చిన్న ట్యాంక్, వేరే లైన్ పెట్టించుకున్నం. కొనకముందే ప్లంబర్‌ని తీసుకపోయి సంపు మూత తీపించి చూడండ్రి, సిగ్గుపడకున్రి.

కాయితాల కాడ మాత్రం జర ఓపిక కావాలె. రెరా (ఇండ్లు కొనేటోళ్ల కోసం తెచ్చిన రియల్ ఎస్టేట్ చట్టం) నంబర్ ఉందా అని అందరూ అడుగుతరు, ఇసొంటి చిన్న బిల్డింగ్‌లకు ఉండదు. 500 చదరపు మీటర్లు దాటని జాగలకు, 8 ఫ్లాట్లు దాటని వాటికి 2016 చట్టంలనే మినహాయింపు ఉంది. 500 మీటర్లు అంటే మన లెక్కల దాదాపు 600 గజాలు, బజార్ నడుమ అంత జాగ ఎవరికుంటది? మాది 300 గజాలు. అంటే అన్నీ మనమే చూసుకోవాలె. ముందు మాకు ఫస్ట్ ఫ్లోర్‌ది చూపించిండ్రు, రెండు లక్షలు తక్కువకు ఇస్తం అని తెగ తొందరపెట్టిండ్రు. ఆన్‌లైన్‌ల ఈసీ (ఆస్తి మీద ఉన్న రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపించే కాయితం) తీస్తే ఆ ఫ్లాట్ మున్సిపాలిటీ పేరు మీద మార్టిగేజ్‌ల, అంటే తాకట్టుల ఉంది. ఇసొంటి బిల్డింగ్‌లకు పర్మిషన్ ఇచ్చేటప్పుడే కట్టే ఏరియాల 10 శాతం అట్ల రాయించుకుంటరు, ప్లాన్ ప్రకారం కట్టి ఓసీ (ఇగ ఇండ్లల్ల ఉండొచ్చు అని ఇచ్చే సర్టిఫికెట్) తెచ్చుకున్నంకనే విడుస్తరు. అప్పటికి ఓసీ రాలే. ఓసీ వచ్చినంకనే మాట్లాడదాం అని చెప్పినం, వచ్చినంక మూడో ఫ్లోర్‌ది తీసుకున్నం.

ఇంకోటి, అన్‌డివైడెడ్ షేర్, అంటే బిల్డింగ్ కింది భూమిల మన వాటా. 300 గజాలు, 8 సమానమైన ఫ్లాట్లు, చిన్న పిల్లగాడు కూడా 37.5 అని చెప్తడు. సేల్ డీడ్ డ్రాఫ్ట్‌ల 32 గజాలు అని ఉంది. మిగిలింది ఎవరికి పోయింది అన్నా అని మా ఆయన అడిగితే టైపింగ్ మిస్టేక్ అన్నరు. సరే మిస్టేకే అనుకుందాం, సరిచేసిండ్రు. రేపు బిల్డింగ్ పాతదైపోయి కూలగొట్టి కట్టాల్సొస్తే మన చేతిల మిగిలేది ఆ గజాలే కదా, ఫాల్స్ సీలింగ్ లైట్లు కాదు.

పైసల లెక్క తొందరగ చెప్త. 38 లక్షలు చెప్పిండు, 35కి తెగింది. బ్యాంక్ 28 ఇచ్చింది. రిజిస్ట్రేషన్‌కి స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు అన్నీ కలిపి 7.5 శాతం (2021 జులైకి ముందు 6 ఉండె), 35 మీద 2,62,500 అయింది, ఇది మాకు లోన్‌ల రాలే, చేతిల ఉంచుకోవాలె. ఓసీ వచ్చిన రెడీ ఫ్లాట్‌కి జీఎస్టీ లేదు, కట్టేటప్పుడు కొంటే ఉంటది. కొంత నగదు ఇస్తే తగ్గిస్తం అన్నరు, మేం ఒప్పుకోలే.

లిఫ్ట్ నలుగురికి అని రాసి ఉంది, ముగ్గురు మనుషులు ఒక గ్యాస్ సిలిండర్ పడితే గొప్ప. పవర్ బ్యాకప్ లిఫ్ట్‌కి ఉంది, బోర్ మోటర్‌కి లేదు. మెయింటెనెన్స్ నెలకు 1,200, మా వాచ్‌మెన్ కుటుంబం మంచోళ్లు, అందుకే ఎవరూ కిరికిరి పెట్టరు.

పార్కింగ్ ఒక్కటే ఇంకా తెగని లొల్లి. 8 ఇండ్లు, స్టిల్ట్‌ల పట్టేది ఐదు కార్లు, అది కూడా పిల్లర్ పక్కన పెట్టినాయన దిగుడు కిటికీల నుంచే. ఎవరి స్లాట్ ఏదో మాకు నోటిమాట తప్ప డీడ్‌ల రాయలేదు. మాకు స్కూటీ, బైక్ కాబట్టి నడుస్తుంది. సెకండ్ ఫ్లోర్‌ల ఒకటి మళ్లీ అమ్మకానికి పెట్టిండ్రు, 40 అడుగుతున్రు, 37 దాటితే దండగ. ఇంట్ల ముసలోళ్లు ఉండి కారు లేనోళ్లైతే వచ్చి చూడండ్రి, కారు ఉన్నోళ్లు మాత్రం స్లాట్ నంబర్ డీడ్‌ల రాస్తేనే అడ్వాన్స్ ఇయ్యండ్రి.