నాయక్ చేతికి రెండు చారలు: బ్రష్షా, డెకాలా?

బొమ్మ సైనికుల మీద నాయక్ లాంటి ర్యాంకుల గుర్తులు బ్రష్‌తో వేయాలా, డెకాల్ (నీళ్లలో నానబెట్టి అంటించే అచ్చు స్టిక్కర్) వాడాలా? నా మాట ముందే చెప్పేస్తాను. 1:72 సైజు (అసలు మనిషిలో 72వ వంతు) సైనికుడికి బ్రష్షే మేలు. 1:35 అయితే చేతి మీది చారలకు డెకాల్, భుజం మీది స్టార్లకు మళ్లీ రంగే.

ఎందుకో కొలత చూస్తే తెలిసిపోతుంది. 1:72లో మనిషి రెండున్నర సెంటీమీటర్లు కూడా ఉండడు, అసలు చొక్కా మీద 8 సెంటీమీటర్లు ఉండే గుర్తు ఇక్కడ మిల్లీమీటరు దాటి కాస్తంతే. అంత చిన్న డెకాల్‌ని కోసి, నీళ్లలో నానబెట్టి, ట్వీజర్‌తో పట్టి ముడతలున్న చేతి మీద కూర్చోబెట్టేలోపు అది మడతైనా పడుతుంది, వేలికైనా అంటుకుపోతుంది. బ్రష్‌తో వేసేటప్పుడు మాత్రం చారలు ఒక్కొక్కటే గీయకండి. గుర్తు పడేంత మేరా లేత బూడిద కలిపిన తెలుపు నింపేసి, ఆరాక చొక్కా రంగుతో మధ్యలో సన్నగా గీసి విడగొట్టండి, గీత పక్కకి పోయినా ఆ రంగుతోనే సరిచేసుకోవచ్చు. 000 బ్రష్ కొనొద్దు, దాని మొన మీదే రంగు ఆరిపోతుంది. మొన బాగున్న 1 నంబరు చాలు.

1:35లో గుర్తు రెండు మిల్లీమీటర్లు దాటుతుంది కాబట్టి హవల్దార్ మూడు చారల్లో ఒక్కటి లావైనా ఇట్టే కనిపిస్తుంది. అందుకే అక్కడ డెకాల్. కానీ కింద గ్లాసీ (మెరిసే) వార్నిష్ తప్పనిసరి, లేకపోతే గాలి చిక్కుకుని అంచులు వెండిలా మెరుస్తాయి. పైన మళ్లీ మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్. విశాఖలో అసలు చిక్కు ఇక్కడే! వానాకాలంలో, బీచ్‌కి దగ్గరగా ఉన్న ఇంట్లో స్ప్రే కొడితే ఆ తేమకి పూత తెల్లగా పాలిపోతుంది. వారం కష్టపడి వేసిన సుబేదార్ ఒకడు నాకు అలాగే పోయాడు, ఇప్పటికీ బాధే. అప్పటి నుంచి వార్నిష్ కూడా బ్రష్‌తోనే.

ఏ పద్ధతైనా గుర్తు సరైనదై ఉండాలి కదా. నేను మొదటిసారి నాయక్‌కి చారలు వేసి చూపిస్తే, ఆర్మీలో చేసి వచ్చిన మా మావయ్య "ఇదేటిరా, తలకిందులుగా వేసావు?" అన్నాడు. అమెరికన్ ఫొటో చూసి మొన పైకి పెట్టేశాను. మన సైన్యంలో, అంతకుముందు బ్రిటిష్ ఇండియన్ ఆర్మీలోనూ మొన కిందికే: లాన్స్ నాయక్‌కి ఒకటి, నాయక్‌కి రెండు, హవల్దార్‌కి మూడు. 1945 మేజర్ భుజం మీద కిరీటం ఉండాలి, 1971 మేజర్‌కి సింహాలు, ఎందుకంటే 1950లో గుర్తు మారింది.

ఇప్పటి సుబేదార్‌ని చేస్తుంటే ఇంకా జాగ్రత్త. లెఫ్టినెంట్‌కీ రెండు స్టార్లే, సుబేదార్‌కీ రెండే. తేడా చెప్పేది భుజం పట్టీ మీది ఎరుపు-పసుపు-ఎరుపు అడ్డగీత, అది మర్చిపోతే ర్యాంకే మారిపోతుంది. ఆ గీత నేను 1:35లోనూ బ్రష్‌తోనే వేస్తాను: ముందు మొత్తం పసుపు, ఆరాక రెండు అంచులా ఎరుపు. స్టార్లకి గుండుసూది మొనతో చెరో చుక్క.