తొడిగి చూసే వారం ఏది? ఫ్యాషన్ ద్వారా డిజైన్ థింకింగ్ నేర్పే ఒక పాఠ్య కిట్టుపై సమీక్ష

11 నుంచి 14 ఏళ్ల పిల్లలకు బట్టలు రూపొందించే పనుల ద్వారా డిజైన్ థింకింగ్ (వాడే మనిషి ఇబ్బందిని అర్థం చేసుకుని పరిష్కారం రూపొందించే పద్ధతి) నేర్పేందుకు తయారైన ఒక 10 వారాల పాఠ్య కిట్టును మా 7వ తరగతి పిల్లలతో మొదటి నుంచి చివరిదాకా చేయించాను. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని డి.స్కూల్ అనే డిజైన్ విద్యాసంస్థ ప్రచారంలోకి తెచ్చిన ఐదు దశలనే, అంటే ఎదుటి మనిషిని అర్థం చేసుకోవడం, సమస్యను నిర్వచించడం, ఆలోచనలు పోగుచేయడం, నమూనా తయారుచేయడం, దాన్ని పరీక్షించడం అనే క్రమాన్నే ఇది అనుసరిస్తుంది. మొదటి దశను ఇంత శ్రద్ధగా నేర్పిన సామగ్రిని నేను ఇంతవరకు చూడలేదు; చివరి దశకు మాత్రం ఇది అన్యాయం చేసింది.

మొదటి రెండు వారాలు పిల్లలు బొమ్మ గీయకూడదన్నది కిట్టు పెట్టిన నియమం. ఎవరో ఒకరిని ఎంచుకుని, "మీకు ఎలాంటి బట్టలు ఇష్టం?" అని కాక, "ఈమధ్య ఏ బట్ట వేసుకునేటప్పుడు ఇబ్బంది పడ్డారు, అప్పుడు ఏం చేశారు?" అని అడగాలి. మా తరగతిలో ఒక అమ్మాయి తాతగారి చొక్కాకు అందమైన అల్లిక కుట్టాలనుకుంది. వేళ్లు సరిగా వంగని ఆయన ఒక్కొక్క బొత్తాన్ని కాజాలో దూర్చడానికి ఎంత అవస్థ పడుతున్నారో పక్కన కూర్చుని చూశాక, అల్లిక ఊసెత్తకుండా, "బొత్తాల చొక్కాలా కనిపించాలి, బొత్తాలు పెట్టుకునే పని ఉండకూడదు" అని తన సమస్యను తానే రాసుకుంది. ఆ ఒక్క వాక్యం కోసమైనా ఈ కిట్టు కొనవచ్చునని నాకు అనిపించింది.

ఉపాధ్యాయుల చేతిపుస్తకంలోని ఉదాహరణలూ ఆలోచించి ఎంచినవే. పనివాళ్ల ప్యాంట్లు తరచు చిరిగిపోతుంటే, లాగుడు ఎక్కువగా పడే జేబు మూలల్లో రాగి రివెట్లు (గుడ్డ పొరలను కలిపి పట్టే లోహపు మేకులు) బిగించిన దర్జీ జేకబ్ డేవిస్, లెవీ స్ట్రాస్‌తో కలిసి 1873లో పేటెంటు పొందిన వైనం పిల్లలను బాగా ఆకట్టుకుంది. ఆ మర్నాడే కొందరు తమ పాత ప్యాంట్లు తెచ్చి, ఎక్కడెక్కడ చిరిగాయో కాగితం మీద గుర్తు పెట్టారు.

నమూనా దశలో లోపం కనిపించింది. కిట్టు ముందుగా కాగితంతో, తరువాత కోరా గుడ్డతో నమూనా చేయిస్తుంది గాని, ఆ రెండింటి స్వభావాలు వేరని చెప్పడానికి ఒక్క పేరాతో సరిపెట్టింది. నేసిన గుడ్డ పడుగు (నిలువు దారాలు) వెంబడి, పేక (అడ్డ దారాలు) వెంబడి పెద్దగా సాగదు, ఏటవాలుగా లాగితే సాగుతుంది. ఇది తెలియక, గుడ్డ కలిసివస్తుందని ఏటవాలుగా కత్తిరించిన ఒక జట్టు నమూనాకు మెడ వేలాడిపోయింది. ప్రతి ఒక్కరి చేతికీ ఒక రుమాలు ఇచ్చి, అన్ని వైపులా లాగి చూడమంటే అరగంటలో బోధపడే విషయమిది.

అన్నిటికన్నా పెద్ద లోటు పరీక్ష దశది. తొమ్మిదో వారంలో దానికి దక్కింది ఒక్క పీరియడు. పదో వారమంతా ప్రదర్శనకే కేటాయించారు. మార్కుల పట్టికలో కుట్టు శుభ్రతకు 40 మార్కులుంటే, పరీక్షించిన తరువాత చేసిన మార్పుకు 10 మాత్రమే ఉన్నాయి. నేను ప్రదర్శన మానేసి, ఆ వారాన్ని రెండోసారి తొడిగి చూడటానికి వాడుకున్నాను. పైకి బొత్తాలు కనిపిస్తూ లోపల వెల్క్రోతో (ఒకదానికొకటి అంటుకునే కొక్కేల పట్టీ, మెత్తని పట్టీల జతతో) మూసుకునేలా తాతగారికి కుట్టిన చొక్కా మొదటిసారి ఆయన ఛాతీని గీరింది, ఎందుకంటే కొక్కేలున్న పట్టీని ఆ అమ్మాయి చొక్కా మూసినప్పుడు మీదికి వచ్చే అంచుకు, ఒంటి వైపు తిరిగి ఉండేలా కుట్టింది. రెండోసారి కొక్కేల పట్టీని అడుగున ఉండే అంచుకు బయటి వైపు, మెత్తని పట్టీని మీదికి వచ్చే అంచు లోపలి వైపు కుట్టడంతో ఆ బాధ తీరింది. ప్రదర్శన పెట్టి ఉంటే ఆ తప్పు వేదిక మీద ఎవరి కంటా పడేది కాదు.

ఒక హెచ్చరిక తప్పక చేయాలి. బొత్తాలకు బదులుగా అయస్కాంతాలు వాడవచ్చునని చేతిపుస్తకం సూచించింది గాని, గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారి బట్టల్లో వాటిని పెట్టకూడదని ఎక్కడా రాయలేదు. పెద్దవారి కోసం పిల్లలు బట్టలు కుట్టే పనిలో ఇది చిన్న మరుపు కాదు. ఎడమచేతి వాటం పిల్లలకు పనికొచ్చే కత్తెర కూడా పెట్టెలో లేదు. చేతికుట్టు కొద్దిగానైనా వచ్చిన ఉపాధ్యాయులు ఈ కిట్టును నిస్సంకోచంగా తీసుకోవచ్చు. అయితే మొదలుపెట్టే ముందే మార్కుల పట్టికను తిరగరాసి, పదో వారం ప్రదర్శన ఉండదని పిల్లలకు చెప్పేయండి.