షులెన్‌బర్గ్ రంగుల చర్చిలు, దారిలో మూడు ఊళ్లు

టెక్సాస్‌లో ప్రతి చిన్న ఊరికీ ఒక బిరుదు ఉంటుంది. వాటిలో ఏది నిలబడుతుందో ఆస్టిన్ నుంచి దక్షిణానికి రోజున్నర తిరిగితే తెలిసిపోతుంది.

183 రోడ్డు మీద ముప్పై మైళ్లు వెళ్తే లాక్‌హార్ట్ వస్తుంది. దీన్ని టెక్సాస్ బార్బెక్యూ రాజధానిగా 1999లో శాసనసభే తీర్మానించింది, ఆ బిరుదు సబబే. 1900 నాటి బార్బెక్యూ దుకాణం క్రూజ్ మార్కెట్ కుటుంబంలో తోబుట్టువుల మధ్య తగాదా వచ్చి, అదే 1999లో క్రూజ్ కొత్త భవనానికి మారింది. పాత భవనంలో ఇప్పుడు స్మిటీస్ అనే మరో దుకాణం నడుస్తోంది. ఒక్కటే చూసే వీలుంటే స్మిటీస్‌కే వెళ్లండి. మసిపట్టిన గోడల మధ్య, వరుసలో నిలబడే చోటే, ఓక్ కట్టెల మంట నేలమట్టంలో మండుతుంటుంది. పిల్లల చెయ్యి వదలకండి. మాంసం పౌండ్ల లెక్కన తూచి కాగితంలో ఇస్తారు. మనిషికి అరపౌండు చాలు. బ్రిస్కెట్ అంటే గొడ్డుమాంసమే, సాసేజ్‌లోనూ అది కలుస్తుంది. తినని వాళ్లు పంది రిబ్స్, లేదా దొరికిన చోట టర్కీ అడగాలి. కోసే చెక్క దిమ్మ, కత్తి సాధారణంగా అన్నిటికీ ఒకటే. బీన్స్‌లోనూ మాంసం ముక్కలు ఉండొచ్చు కాబట్టి శాకాహారులు అడగకుండా తీసుకోవద్దు. శనివారం మధ్యాహ్నం దాటితే కొన్ని రకాలు అయిపోతాయి, పదకొండుకల్లా చేరండి.

లూలింగ్‌లో కారు అద్దం దించగానే కుళ్లిన గుడ్డు వాసన కొడుతుంది. అది చమురు బావుల నుంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్. ఇక్కడ చమురు 1922లో పడింది. ఊరి మధ్యలోనే ఊగే పంపులకు రంగుల బొమ్మలు తగిలించారు. అవి చూడటానికి అరగంట చాలు. జూన్ చివరి వారంలో జరిగే పుచ్చకాయల పండుగ 1954 నుంచి ఉంది. 1989లో ఇక్కడొకరు పుచ్చగింజను 68 అడుగులకు పైగా ఉమ్మి రికార్డు కొట్టారు. 1995లో డి లియోన్ అనే మరో టెక్సాస్ ఊరు దాన్ని దాటేసింది. పండుగ వారం గదులు దొరకడం కష్టం.

గొంజాలెస్ గొప్ప ఒక ఫిరంగి. కొమాంచీ తెగవాళ్ల నుంచి కాపాడుకోమని మెక్సికో ప్రభుత్వం 1831లో ఇచ్చిన దాన్ని 1835లో వెనక్కి అడిగితే, ఊరివాళ్లు 'వచ్చి తీసుకో' అని జెండా ఎత్తారు. అక్టోబర్ 2న జరిగిన ఆ చిన్న పోరుతోనే మెక్సికో నుంచి విడిపోయే టెక్సాస్ యుద్ధం మొదలైంది. మ్యూజియంలో ఉన్నది ఆ ఫిరంగేనా అన్నది చరిత్రకారుల మధ్య ఇంకా తేలలేదు. అయినా చూసి తీరాలి.

రాత్రికి షులెన్‌బర్గ్‌లో ఆగండి. ఐ-10 హైవే పక్కనున్న మోటళ్లలో గది తీసుకునేటప్పుడు వెనకవైపుది అడగండి, రోడ్డువైపు రాత్రంతా లారీల చప్పుడు.

ఈ దారిలో అసలైన సంపద తెల్లారాక కనబడుతుంది. చెక్, జర్మన్ రైతులు కట్టుకున్న చర్చిలవి. డూబీనా ఊరి చర్చి బయటికి మామూలు తెల్లటి చెక్క కట్టడం. తలుపు దాటగానే నక్షత్రాల నీలి పైకప్పు. 1950లలో లోపలి రంగుల బొమ్మల మీద సున్నంలా తెల్లరంగు పూసేశారు. 1980లలో మళ్లీ పూర్వరూపం తెచ్చారు. హై హిల్‌లో పాలరాయి అనిపించే స్తంభం మీద చెయ్యి వేస్తే చల్లగా తగలదు, ఎందుకంటే అది చెక్క. రాయి కొనే స్తోమత లేనివాళ్లు గీతతో, రంగుతో రాయిని తెచ్చుకున్నారు. అమన్స్‌విల్ చర్చి లోపలంతా లేత గులాబీ. ప్రాహా చర్చి 1895 నాటిది.

నాలుగూ షులెన్‌బర్గ్‌కు పదిహేను మైళ్ల లోపే. హై హిల్, ప్రాహా రెండూ సెయింట్ మేరీస్ కావడంతో ఫోన్‌లో చర్చి పేరు కొడితే తికమక అవుతుంది. ప్రాహా అని మాత్రమే కొడితే యూరప్ చూపిస్తుంది, పక్క ఊరు ఫ్లటోనియా పేరు కలపండి. లోపలి రోడ్లలో సిగ్నల్ పోతుంది, మ్యాప్ ముందే దించుకోండి. ఆదివారం ఉదయం ప్రార్థనలు, శనివారం పెళ్లిళ్లు ఉంటాయి కాబట్టి వారం మధ్యలో వెళ్లడం మేలు. ఫ్లాష్ వాడకండి, గుమ్మం దగ్గరి డబ్బాలో కొంత వేయండి. ఆ బొమ్మలను నిలబెట్టే ఖర్చు అక్కడి కొద్ది కుటుంబాల మీదే పడుతోంది.

బేకరీల్లో కొలాచీ అనే చెక్ బన్ను దొరుకుతుంది. శాకాహారులకు గసగసాలు, ఆప్రికాట్, జున్ను పెట్టినవి బాగుంటాయి. సాసేజ్ పెట్టినదాన్ని చెక్ వాళ్లు క్లోబాస్నీక్ అంటారు, పేరు చూసుకుని అడగండి. ఆగస్టు 15న ప్రాహాలో జాతర. ఆ రోజు బొమ్మలను తీరిగ్గా చూడలేరు గానీ, పచ్చిక మైదానంలో కార్లు ఆపి దిగే పాత కుటుంబాలన్నీ ఒక్కచోట కనబడతాయి.